చక్రానికి కట్టిన తువ్వాలు

గవిరేసు వాల్వు దగ్గర కాపలా ఉంటే ట్యాంకులోకి దిగడానికి మనుషులు దొరకడం లేదు.

మూడు రోజుల నుంచీ ఇదే వరస. అప్పలస్వామికి నడుం పట్టేసింది. సత్తిబాబుకి ఉపవాసం వచ్చింది, ఏ దేవుడికో మాత్రం చెప్పలేకపోయాడు. ఇంకొకడు తేనెటీగ కుట్టిందని ఎడమచెయ్యి చూపించాడు. మర్నాడు ఆ సంగతి మర్చిపోయి కుడిచెయ్యి చూపించాడు. కాదన్నవాడు లేడు, ఎదురు చెప్పినవాడూ లేడు. అందరూ "అలాగేనండి" అంటూనే మంచులోకి జారుకున్నారు.

అక్కడ మంచులోకి జారుకోవడం తేలిక. విశాఖ ఏజెన్సీలో ఆ కొండ మీద పొద్దున పది దాటినా ఎదుటి మనిషి కనపడడు. ముందు దగ్గు వినపడుతుంది, తర్వాత చేతిలోని టీ గ్లాసు కనపడుతుంది, ఆ తర్వాతే ఆ మనిషెవరో తెలుస్తుంది. రోజూ పొద్దున్నే ప్రపంచాన్ని ఎవరో చెరిపేసి, మధ్యాహ్నానికి తీరిగ్గా మళ్లీ గీసినట్టుంటుంది. కొత్తవాళ్లకి మొదటి రెండు రోజులూ కలలో తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఆ కొండ మీద కొత్తగా ఒక ప్రకృతి చికిత్సాశ్రమం కట్టారు. వచ్చినవాళ్లని వేడినీళ్ల తొట్లలో పడుకోబెడతారు, ఆవిరి గదుల్లో కూర్చోబెడతారు, పెసరకట్టు పెట్టి పంపిస్తారు. ఆ వేడినీళ్ల పని మొత్తం, అంటే బాయిలర్, ట్యాంకులు, గొట్టాలు, నాగూల్ మీరా మేస్త్రీ గుంపు చేస్తోంది. మేస్త్రీ కాకుండా గుంపులో పదకొండు మంది.

మేస్త్రీకి అరవై ఎనిమిదేళ్లు. పల్నాడు మనిషి, ఎప్పుడో విశాఖ వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఐదు పూటలా నమాజు, మధ్యలో గొట్టాలు, అదీ ఆయన జీవితం. మాటలు తక్కువ. పని నేర్పేటప్పుడు కూడా నోటితో చెప్పడు, పానా చేతికిచ్చి పక్కన నిలబడతాడు. నలభై ఏళ్లలో ఆయన దగ్గర పనికి వచ్చినవాళ్లందరూ సాయంత్రానికి తమ కాళ్ల మీద తాము ఇంటికి నడిచి వెళ్లారు. మరిగే నీళ్లతో బతికే ఈ వృత్తిలో అంతకంటే గొప్ప పేరు ఇంకోటి లేదు.

గవిరేసు ఆయన దగ్గర పద్నాలుగేళ్లుగా ఉన్నాడు. ఐటీఐ చదివాడు. చెయ్యి మంచిది, చేతిరాత ఇంకా మంచిది. "ఈ కొండ పని అయ్యాక గుంపు నీదే నాయనా," అని మేస్త్రీ పోయిన ఏడాదే అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి గవిరేసు నడకలో కొంచెం తేడా వచ్చిందని గుంపులో అందరూ చూశారు. నవ్వుకున్నారు గానీ కుళ్లుకోలేదు. అతనంటే అందరికీ ఇష్టమే.

మరి ఆ ఇష్టం ఈ మూడు రోజుల్లో ఎటు పోయింది? గవిరేసుకి నిద్ర పట్టనిది అక్కడే.

*

కొండ ఎక్కిన కొత్తలో గవిరేసు ఒక పెద్ద బోర్డు రాశాడు. పైన ఎర్ర అక్షరాలతో "ప్రమాదం వస్తే ఏం చెయ్యాలి" అని. కింద నీలం అక్షరాలతో అన్నీ. బాయిలర్‌లో ప్రెషరు పెరిగితే ఎవరు ఏ వాల్వు ముయ్యాలి. నిప్పు అంటుకుంటే ఎవరు ఎటు పరుగెత్తాలి. ఒళ్లు కాలితే ముందు ఎంతసేపు చల్లనీళ్లు పొయ్యాలి. జీపు ఎక్కడుంటుంది, దాని తాళం ఎవరి దగ్గరుంటుంది, కొండ కింద ఆసుపత్రి ఫోను నంబరు ఏమిటి. అందరూ బయటపడ్డాక ఏ సిల్వర్ ఓక్ చెట్టు కింద చేరి తలలు లెక్కపెట్టుకోవాలి. ట్యాంకులోకి దిగేవాడు రిజిస్టరులో సంతకం పెట్టి దిగాలి, బయటికి వచ్చి మళ్లీ పెట్టాలి. ఒక్కటి కూడా వదల్లేదు.

మేస్త్రీ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వరస మీద వేలు ఆనించి, పావుగంట సేపు చదివాడు.

"రాత బాగుంది నాయనా," అన్నాడు. ఆసుపత్రి నంబరు తన జేబు పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

ఆ ఒక్క మాటకే గవిరేసు రెండు రోజులు నేల మీద నడవలేదు.

బోర్డులో లేనిది ఒక్కటే, తువ్వాలు. అది గుంపులో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ట్యాంకులోకి దిగేవాడు ముందు కిందికి, బాయిలర్ గదికి వెళ్లాలి. మరిగే నీళ్లు ట్యాంకులోకి పంపే పెద్ద వాల్వు అక్కడుంటుంది. దానికి బండి స్టీరింగంత చక్రం ఉంటుంది. ఆ చక్రానికి తన తువ్వాలు తను కట్టుకుని అప్పుడు దిగాలి. పని అయ్యాక తనే వచ్చి విప్పుకోవాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, మేస్త్రీ చెప్పనూ లేదు. గుంపులో చేరినవాడికి మేస్త్రీ మొదటి రోజు కొనిచ్చేది పానా కాదు, తువ్వాలు. ఒకరి రంగు ఒకరికి ఉండదు.

తువ్వాలు సంగతి బోర్డులో రాయడానికి గవిరేసుకి కొంచెం సిగ్గేసింది. రిజిస్టరు ఉండగా ఈ గుడ్డ ముక్కలెందుకు అనిపించింది. తీసెయ్యమని అననూ లేదు, గురువుగారి అలవాటు కదా, ఉంటే ఉంటుంది అనుకున్నాడు.

మొదటిసారి వేడినీళ్లు వదిలే రోజు వచ్చింది. ఆశ్రమం మేనేజరు శేషాచార్యులుగారు దానికి ముహూర్తం పెట్టించాడు, ఉదయం తొమ్మిది నలభై రెండు. నీళ్లు వదలడానికి ముహూర్తమేమిటని ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ కూడా ఆ వేళ అగరొత్తి వెలిగించి ఒక మూలన పెట్టాడు. తర్వాత విశాఖ నుంచి రావాల్సిన పంపు కోసం కొండ దిగి వెళ్లాడు. నీళ్లు వదిలే పని గవిరేసుకి అప్పజెప్పాడు.

తొమ్మిదింటికి ట్యాంకు అడుగున ఒక జాయింటు చెమ్మగిల్లడం కనపడింది. దాన్ని లోపలి నుంచే బిగించాలి. గుంపులోని దాలినాయుడు తన పసుపు తువ్వాలు చక్రానికి కట్టి, సంతకం పెట్టి, దిగాడు. తీరా చూస్తే వాషరు నలిగిపోయింది. కొత్తది తెచ్చుకుందామని, ట్యాంకుకున్న రెండు మూతల్లో అవతలిదాంట్లోంచి బయటికి వచ్చి, బోర్డులో రాసినట్టే బుద్ధిగా రిజిస్టరులో సంతకం పెట్టి, సామాన్ల షెడ్డు వైపు పరుగెత్తాడు. ఎలాగూ నిమిషంలో మళ్లీ దిగుతాడు గనక తువ్వాలు విప్పలేదు.

తొమ్మిది నలభై అయింది.

"ఏమయ్యా గవిరేసూ, ముహూర్తం దాటిపోతోందయ్యా!" అని శేషాచార్యులుగారు గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూపిస్తున్నాడు.

గవిరేసు రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. దాలినాయుడు బయటికి వచ్చినట్టు సంతకం ఉంది. చక్రం వైపు చూశాడు. పసుపు తువ్వాలు ఉంది. మర్చిపోయి ఉంటాడు అనుకున్నాడు. ముడి విప్పి, తువ్వాలు మడత పెట్టి, మేకుకి తగిలించి, చక్రం తిప్పాడు. గొట్టంలో నీళ్లు గుర్రుమంటూ పైకి వెళ్లాయి. శేషాచార్యులుగారు చప్పట్లు కొట్టాడు.

ఆ క్షణాన పైన దాలినాయుడు మూత అంచు మీద కూర్చుని రెండు కాళ్లూ లోపలికి వేలాడేసి ఉన్నాడు. చేతిలో కొత్త వాషరు. కింద ఏదో ఉరిమినట్టయింది. కాళ్లు ఎంత విసురుగా లాక్కున్నాడంటే, ఒక గమ్‌బూటు ఊడి లోపలే పడిపోయింది. ఆ వెనకే పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి.

మర్నాడు ట్యాంకు ఖాళీ చేసినప్పుడు ఆ బూటు దొరికింది. ఉడికి, వంకర తిరిగి, మెత్తగా అయిపోయింది.

దాలినాయుడు గొడవ చెయ్యలేదు. ఒక కాలికి బూటుతో, ఒక కాలు ఉత్తదిగా, మెట్లన్నీ దిగి బాయిలర్ గదికి వచ్చాడు. మేకుకి ఉన్న తువ్వాలు తీసుకున్నాడు.

"ఇది ఎవులు విప్పేరండీ?" అన్నాడు.

"నేనే. రిజిస్టరులో నువ్వు బయటికొచ్చేవని ఉంది."

"అవునండి. వచ్చేను," అన్నాడు దాలినాయుడు. తువ్వాలు మెడలో వేసుకుని వెళ్లిపోయాడు.

అంతే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మధ్యాహ్నం నుంచే అప్పలస్వామి నడుం పట్టేసింది.

*

మూడో రోజు మేస్త్రీ పంపు తీసుకుని తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం గవిరేసు ఆయన గదికి వెళ్లాడు. మేస్త్రీ కిరసనాయిలు స్టవ్వు మీద టీ పెడుతున్నాడు.

"నేనేటి తప్పు చేసేనో చెప్పండి గురువుగారూ."

"తప్పు చేశావని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్తే బాగుణ్ను. ఒక్కడూ మొహం ఎత్తి చూడ్డు. పన్లోకి రమ్మంటే వస్తారు, ట్యాంకులోకి దిగమంటే మాయమైపోతారు. పద్నాలుగేళ్లు వీళ్లతో ఒక కంచంలో తిన్నట్టే తిన్నాను." గవిరేసు స్టవ్వు పక్కకి జరిగి కూర్చున్నాడు. "రిజిస్టరు చూసే విప్పేను గురువుగారూ. అందులో ఉన్నది అబద్ధం కాదు, దాలి నిజంగానే బయట ఉన్నాడు. నేను విప్పేటప్పుడు లోపల మనిషి లేడు. లేని మనిషికి నేను చేసిన అన్యాయం ఏటండీ?"

మేస్త్రీ టీ వడగట్టాడు. ఒక గ్లాసు అతనికిచ్చాడు, ఒకటి తను తీసుకున్నాడు. చాలాసేపు ఊదుకుంటూ తాగాడు. ఏదైనా చెప్తాడేమోనని గవిరేసు ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ జాయింటు ఇంకా అలాగే ఉందా?" అన్నాడు మేస్త్రీ.

"అలాగే ఉందండి. దిగేవాడు లేడు గదా."

"రెండు మూతలూ ఇప్పుడే తీయించు. రాత్రంతా గాలి ఆడనీ. రేపు నేను దిగుతా."

"మీరా? మీకు ఆయాసం గురువుగారూ!"

"ఆయాసం నాదేగా," అన్నాడు మేస్త్రీ. గ్లాసు కడిగి బోర్లించాడు. "చక్రం దగ్గర నువ్వుండు."

*

తెల్లారింది గానీ వెలుతురు రాలేదు. కొండంతా మంచులో మునిగిపోయి ఉంది. బాయిలర్ గది గుమ్మంలోంచి చూస్తే పైకి వెళ్లే మెట్లు మొదటి నాలుగే ఉన్నాయి, మిగిలినవి లేవు. ముప్ఫై ఆరు మెట్లు ఎక్కితే ట్యాంకు. అది ఉందని నమ్మడమే తప్ప కిందనుంచి కనపడదు.

మేస్త్రీ గమ్‌బూట్లు వేసుకుని వచ్చాడు. వెలిసిపోయిన ఆకుపచ్చ తువ్వాలు బకెట్‌లో ముంచి, పిండి, చక్రానికి రెండు చుట్లు చుట్టి ముడేశాడు. తడిగుడ్డ కదా, ముడి బిగుసుకుంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన గవిరేసు మొహం వైపు చూడలేదు, ఏమీ చెప్పలేదు. రిజిస్టరు తెప్పించుకుని సంతకం పెట్టాడు.

"దాలీ, ఈ రిజిస్టరు తీసుకుని నువ్వు మూత దగ్గరుండి నాతో మాట్లాడుతా ఉండు," అని పిలిచాడు.

మెట్లెక్కి మంచులోకి వెళ్లిపోయాడు. ముందు కాళ్లు కనపడకుండా పోయాయి, తర్వాత దగ్గు వినపడకుండా పోయింది.

గుంపంతా ఎక్కడెక్కడో నిలబడి చూస్తోందని గవిరేసుకి తెలుసు. ఒక్కరూ కనపడలేదు. చక్రం దగ్గర స్టూలుంది, దాని మీద కూర్చోలేదు. చల్లగా ఉన్న గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

కాసేపటికి ఇనుములో చప్పుడు మొదలైంది. టక్. టక్. పైన ట్యాంకులో మేస్త్రీ పానా తగులుతున్న చప్పుడు అది. చెవికి వినపడటం లేదు, అరచేతికే తెలుస్తోంది. మధ్యమధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఇనుములో సన్నగా ఇంకేదో వణుకు. గురువుగారు లోపల ఏదో పాడుకుంటున్నట్టున్నాడు. బయట ఎప్పుడూ పాడగా వినలేదు. ఇన్నేళ్లలో ఈ మనిషి ట్యాంకుల లోపల మాత్రమే పాడుకునేవాడా అనుకుంటే గవిరేసుకి ఎందుకో గుండె కరిగింది.

ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికి తెలియలేదు. మంచు గుమ్మం దాటి లోపలికి కూడా వచ్చింది. గోడ మీద తను రాసిన బోర్డు మసకబారింది, తర్వాత ఎర్ర అక్షరాలు పోయాయి, నీలంవీ పోయాయి. బాయిలర్ కింద మంట ఒక్కటే ఎక్కడో దూరంగా ఉన్నట్టు మెరుస్తోంది. ఇక అక్కడ మిగిలింది ఏమిటంటే, ఇటు మరుగుతున్న నీళ్లు, అటు ఒక మనిషి, మధ్యలో చక్రం, దానికొక తడిగుడ్డ.

ఆ అటువైపు మనిషి ఒకసారి గురువుగారిలా ఉన్నాడు, ఒకసారి దాలినాయుడిలా ఉన్నాడు. మూత అంచు మీద కూర్చుని రెండు కాళ్లూ వేలాడేశాడు. కింద చక్రం దగ్గర తను నమ్ముకున్న తువ్వాలు ఒకటి ఉందన్న ధీమాతో, తీరిగ్గా, వాషరు వేళ్ల మధ్య తిప్పుకుంటున్నాడు. ఆ కాళ్లు గవిరేసుకి ఇంత దగ్గరగా కనపడ్డాయి. బూట్ల లోపల మడమల పగుళ్లు కూడా కనపడ్డాయి.

మూడు రోజుల కిందట పడాల్సిన భయం ఇప్పుడు పట్టుకుంది గవిరేసుని. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

మళ్లీ మొదలవుతుందని చాలాసేపు చూశాడు. కాలేదు. పాట వణుకు కూడా లేదు. పైకి పరుగెత్తి చూద్దామని ఒక అడుగు వేశాడు గానీ, చక్రాన్ని ఒంటరిగా వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

"దాలీ!" అని గట్టిగా కేకేశాడు. మంచు ఆ కేకని అక్కడే మింగేసింది.

ముందు దగ్గు వచ్చింది, ఆ వెనక శేషాచార్యులుగారు వచ్చాడు.

"ఏమయ్యా, ఇంకా వదల్లేదేమిటి? విశాఖ నుంచి పెద్దవాళ్లు దిగారు. తొట్ల పక్కన తుండుగుడ్డలు కట్టుకుని వణుకుతూ కూర్చున్నారు."

"మనిషి లోపలున్నాడండి."

"ఎవరు, మేస్త్రీగారా? ఆయన వంటశాల దగ్గర టీ తాగుతున్నారయ్యా! ఇప్పుడే నా కళ్లతో చూసి వస్తున్నాను."

గవిరేసుకి ప్రాణం లేచి వచ్చింది. అయినా చక్రం ముందు నుంచి కదల్లేదు.

"మంచిదండి. ఆయన వస్తారు," అన్నాడు.

"వచ్చేదాకా?"

"ఉంటానండి."

శేషాచార్యులుగారికి కోపం వచ్చింది. నువ్వు మాట వినే మనిషివనుకున్నానన్నాడు, ఆ రోజు ముహూర్తానికి ఎంత చక్కగా వదిలావన్నాడు. ఆ పొగడ్త గవిరేసుకి ముల్లులా దిగింది. తల వంచుకుని నిలబడ్డాడు.

ఇంతలో దాలినాయుడు మెట్లు దిగి వచ్చాడు. చంకలో రిజిస్టరుంది.

"జాయింటు బిగించీసినారండి," అన్నాడు. "అవతలి మూతలోంచి వచ్చీసినారు. మూతలు రెండూ నేనే మూసి బోల్టులు బిగించేను. సంతకం కూడా పెట్టీసినారు, చూడండి."

రిజిస్టరు తెరిచి పట్టుకున్నాడు. గురువుగారి సంతకం గవిరేసుకి నిద్రలో చూపించినా తెలుస్తుంది. అదే సంతకం. మంచు తేమకి సిరా ఇంకా ఆరలేదు. దాలినాయుడు రిజిస్టరు మీంచి అతన్నే చూస్తున్నాడు. ఈ మూడు రోజుల్లో అతను గవిరేసు మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పింది నమ్ముతున్నాను దాలీ," అన్నాడు గవిరేసు. "తప్పుగా అనుకోకు. ముడి నాది కాదు."

దాలినాయుడు రిజిస్టరు మూసి పక్కకి తప్పుకున్నాడు. శేషాచార్యులుగారు నుదురు కొట్టుకున్నాడు. తొట్ల వైపు నుంచి ఎవరో పెద్దమనిషి తుమ్మిన చప్పుడు వినపడింది.

అప్పుడు మంచులో, పైన ఎక్కడి నుంచో, మేస్త్రీ గొంతు వచ్చింది.

"గవిరేసూ! నేనేరా. బయటే ఉన్నా. విప్పి తిప్పేయ్ నాయనా."

పద్నాలుగేళ్లలో ఆ గొంతు చెప్పిన పని గవిరేసు చెయ్యకుండా ఉన్నది లేదు. అర్ధరాత్రి లేపి గొట్టం కొయ్యమన్నా కోశాడు, ఎండలో నిలబడమన్నా నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే చక్రం మీదికి వెళ్లింది. వేళ్లకి తడిముడి తగిలింది. గురువుగారి మాట కాదంటే గుంపు సంగతి అటుంచి, ఆ గుమ్మంలో తనకి చోటుంటుందా అని కూడా అనిపించింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీరొచ్చి విప్పండి గురువుగారూ!"

బాయిలర్ కింద మంట బుసకొడుతోంది.

"మోకాళ్ల నొప్పిరా," అంది గొంతు. "ముప్ఫై ఆరు మెట్లు. చలి కూడా."

"నిదానంగా రండి. ఉంటాను."

పైన బూటు చప్పుడు ఒకటి వినపడింది. కాసేపాగి ఇంకోటి. ముసలాయన నిజంగానే నిదానంగా వస్తున్నాడు. ఒక్కో మెట్టుకీ ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని వస్తున్నాడు. గవిరేసు లెక్కపెట్టలేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోనూ లేదు.

మంచులోంచి ముందు టీ గ్లాసు వచ్చింది. తర్వాత మేస్త్రీ వచ్చాడు.

గ్లాసు స్టూలు మీద పెట్టి, చక్రం ముందు వంగాడు. తడిగుడ్డ బిగుసుకుపోయి ఉంది, ఆయన వేళ్లేమో చలికి కొంకర్లు పోయి ఉన్నాయి. ఒక కొస లాగాడు, రాలేదు. ఇంకో కొస లాగాడు. సాయం చేద్దామని గవిరేసు చెయ్యి సగం దాకా వెళ్లింది. అంతలో ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వీపు వెనక పెట్టుకున్నాడు. మేస్త్రీ అది చూశాడో లేదో తెలియదు. పంటితో లాగి ముడి విప్పుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "తిప్పు," అన్నాడు.

గవిరేసు చక్రం తిప్పాడు. నీళ్లు గుర్రుమంటూ పైకి వెళ్లాయి. శేషాచార్యులుగారు ఈసారి చప్పట్లు కొట్టకుండా పెద్దవాళ్ల దగ్గరికి పరుగెత్తాడు.

మేస్త్రీ స్టూలు మీద కూర్చుని చల్లారిపోయిన టీ తాగాడు. గుమ్మం బయట మంచులో ఒకరి తర్వాత ఒకరు మనుషులు చేరుతున్నట్టు అలికిడైంది.

"మధ్యాహ్నం ఆడవాళ్ల వైపు ట్యాంకులో పనుంది," అన్నాడు మేస్త్రీ ఎవరితోనో అన్నట్టు. "ఒక మనిషి దిగాల."

దాలినాయుడు ఒక అడుగు ముందుకి వేశాడు.

"చక్రం దగ్గర ఎవులుంటారండీ?"

మేస్త్రీ గ్లాసులోకి చూసుకుంటూ అన్నాడు.

"దిగేది నువ్వయితే, ఎవరుండాలో నువ్వే చెప్పు."

దాలినాయుడు గవిరేసు వైపు చూశాడు. తొందరపడకుండా, తూకం వేస్తున్నట్టు చూశాడు. తర్వాత మెడలోంచి పసుపు తువ్వాలు తీసి బకెట్‌లో ముంచాడు.

"గట్టిగా కడతానండి," అన్నాడు.

"కట్టు," అన్నాడు గవిరేసు.